రౌషెన్‌బుష్ నిజంగా విశ్వాసం వదిలేసిన మనిషేనా? తెలిసినవాళ్ళు చెప్పండి

గుండ్లకమ్మపిల్ల అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె, మూడు నాలుగు తరాలుగా బాప్టిస్టులం, నేను ప్రస్తుతం హైదరాబాద్‌లో చరిత్రలో ఎమ్మే చేస్తున్నా. పోయిన ఆదివారం ఊళ్ళో యూత్ మీటింగ్‌లో "పేదరికం గురించి చర్చి ఏం మాట్లాడాలి" అనే టాపిక్ వచ్చింది. ఈమధ్యే మార్టిన్ లూథర్ కింగ్ గురించి చదువుతుంటే కనపడిన పేరు కదా అని నేను నోరు ఊరుకోక "వాల్టర్ రౌషెన్‌బుష్ అని ఒక బాప్టిస్టు ప్రొఫెసర్ దీని మీద చాలా రాశాడట, సమాజంలోని పేదరికం, అన్యాయాలకి కూడా సువార్త జవాబు చెప్పాలనే సోషల్ గాస్పెల్ ఆలోచన ఆయనదట" అన్నా. అంతే. మా సంఘపెద్ద ఒకాయన "ఆయన లిబరల్ అమ్మా, సోషల్ గాస్పెల్ అంటే సువార్త కాదు, సిలువ తీసేసి సంఘసేవ పెట్టడం" అని మైకు నా ముందు నుంచి జరిపేసి పాట ఎత్తుకున్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కూడా కొట్టాల్సి వచ్చింది, ఆ మంట ఇంకా తగ్గలేదు.

నాకు కావాల్సింది ఇది. అసలీయన జీవితం ఏంటి? ఇలాంటి ఆలోచనలున్న మనిషిని బాప్టిస్టు సెమినరీలో (పాస్టర్లని తయారుచేసే కాలేజీలో) అన్నేళ్ళు ఎలా ఉంచారు? మా పెద్దాయన మాటలో ఏమైనా నిజం ఉందా? వికీ లింకు పడేయకండి ప్లీజ్, చదివేశా. మనిషి అర్థం కాలేదు.

హడ్సన్‌గాలి జవాబు:

నేను న్యూజెర్సీలో ఉంటా, ఆఫీసు మన్‌హటన్‌లో. ఈయన కథ మొదలుపెట్టాల్సింది సెమినరీలో కాదు, మా ఆఫీసుకి నాలుగు వీధుల అవతల. హెల్స్ కిచెన్ అంటారు, ఇవాళ అక్కడ థాయ్ రెస్టారెంట్లు, జీతమంతా ఊడ్చేసే అద్దెలు. 1886లో రౌషెన్‌బుష్ అక్కడికి పాస్టర్‌గా వచ్చినప్పుడు మాత్రం రేవు కూలీలు, కబేళాల వాసన, గాలి వెలుతురు లేని గదుల్లో కుటుంబాలకు కుటుంబాలు. సెకండ్ జర్మన్ బాప్టిస్ట్ చర్చ్ అని జర్మన్ వలస కార్మికుల చిన్న సంఘం. ఈయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు.

వచ్చింది ఆత్మల్ని రక్షించడానికే, అందులో అనుమానమే లేదు. పదిహేడేళ్ళప్పుడు మారుమనస్సు పొందాడు, తప్పిపోయిన కుమారుడి కథ తన కథే అనుకున్నాడు, ఆ అనుభవం ఉత్తిదని చివరిదాకా ఎప్పుడూ అనలేదు. నాన్న ఆగస్ట్ రౌషెన్‌బుష్ జర్మనీ నుంచి లూథరన్ పాస్టర్‌గా అమెరికా వచ్చి, బాప్తిస్మం గురించి ఆలోచన మారి బాప్టిస్టు అయి, రాచెస్టర్ సెమినరీలో జర్మన్ విభాగంలో పాఠాలు చెప్పాడు. వాల్టర్ 1861లో ఆ ఊళ్ళోనే పుట్టాడు, కొన్నేళ్ళు జర్మనీలో స్కూలు చదువు, తర్వాత రాచెస్టర్ యూనివర్సిటీ, అదే ఊళ్ళో సెమినరీ. అంటే పెరిగిందంతా చర్చి నీడలోనే.

ఆయన్ని మార్చింది పుస్తకాలు కాదు, చిన్నపిల్లల శవపేటికలు. వరసగా పిల్లల అంత్యక్రియలు చెయ్యాల్సి వచ్చింది, ఆ పిల్లల శవయాత్రలు గుండెని పట్టేశాయని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఈ పిల్లలు ఎందుకు చనిపోవాలి అన్నదే ఆయన్ని వదలని ప్రశ్న. దేవుని చిత్తం అని సమాధి దగ్గర వాక్యం చదివి ఇంటికెళ్ళిపోవచ్చు. కానీ ఆ పిల్ల తండ్రి పనిచేసే చోటు తెలుసు, ఆ ఇంటి అద్దె ఎవరి జేబులోకి పోతుందో తెలుసు, మురుగు ఎందుకు కదలదో తెలుసు. వచ్చిన ఏడాదే ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ న్యూయార్క్ మేయర్‌గా పోటీ చేస్తే ఈ కుర్ర పాస్టర్ ఆయన వైపు నిలబడ్డాడు, భూమి అద్దెల మీద జార్జ్ రాసింది ఆయన కళ్ళు తెరిపించింది. కార్మికుల కోసం తోటివాళ్ళతో కలిసి ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు, అది రెండేళ్ళు మించి నిలవలేదు.

ఇంకోటి, చెవులు. 1888 ప్రాంతంలో జబ్బు పూర్తిగా తగ్గకముందే మంచులో సంఘస్థుల ఇళ్ళు తిరిగాడని, వినికిడి పోవడం అప్పుడే మొదలైందని చెప్తారు. తర్వాత దాదాపు పూర్తిగా చెవిటివాడయ్యాడు. ఆ చెవులతోనే 1897 దాకా అక్కడ పాస్టర్, ఆ తర్వాత చనిపోయేదాకా ప్రొఫెసర్. ఇక్కడ మనం జూమ్ కాల్‌లో రెండు నిమిషాలు ఆడియో రాకపోతే టెన్షన్ పడిపోతాం.

మీ పెద్దాయనకి ఇంకో విషయం చెప్పండి. ఇదే మనిషి ఐరా సాంకీతో కలిసి సువార్త పాటల్ని జర్మన్‌లోకి తెచ్చాడు. పేరున్న అమెరికా సువార్తికుడు మూడీ మీటింగుల్లో పాడిన సాంకీయే. సిలువ తీసేసేవాడు కూర్చుని ఆ పాటలు అనువదిస్తాడా?

బడిపంతులు జవాబు:

అమ్మాయ్, నువ్వు గుండ్లకమ్మ అని పేరు పెట్టుకున్నావు, ఒంగోలు దగ్గర అన్నావు, అందుకని నేనొక మాట చెప్పాలి. ఈ కథలో మనవాళ్ళకి తెలియని ముక్క ఒకటి ఉంది, అది మీ ఊరిదే.

క్లవ్ దొర పేరు మీ ఇంట్లో వినే ఉంటావు. జాన్ క్లవ్, 1866లో ఒంగోలు వచ్చినాయన. మిషనరీ కాకముందు కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే పనిచేశాడు. ఆ విద్య 1876–78 కరువులో అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు నాలుగు మైళ్ళ పని తను కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలీ ఇప్పించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తెరిపిచ్చాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ లెక్క మా నాయనమ్మ నోటితో కూడా విన్నాను, ఇరవైరెండు వందల ఇరవైరెండు అని సాగదీసి చెప్పేది.

ఇక అసలు సంగతి. క్లవ్ గారు మొదటి భార్య పోయాక పెళ్ళి చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్ ఎవరనుకున్నావు? నువ్వు అడుగుతున్న వాల్టర్‌కి స్వయానా అక్క. ఆవిడ 1880లలోనే మిషనరీగా మన తెలుగునేల మీదికి వచ్చింది. ఉత్త దొరసాని కాదు, స్విట్జర్లాండ్‌లో బెర్న్ యూనివర్సిటీలో, ఆడవాళ్ళ హక్కుల గురించి రాసిన ఇంగ్లిష్ రచయిత్రి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. మన మాదిగల జీవితం మీద, వాళ్ళ నోటి కథల మీద 1899లో ఇంగ్లిష్‌లో పుస్తకం వేసింది, "చెప్పులు కుడుతూ" అని అర్థం వచ్చే పేరుతో. క్లవ్ గారు 1910లో పోయింది కూడా ఎక్కడో కాదు, ఆ రాచెస్టర్‌లోనే. ఆయన చెప్పగా ఈవిడ రాసిన జీవితకథ 1914లో అచ్చయింది, దాని పేరులోనే "సోషల్ క్రిస్టియానిటీ" అని ఉంది. తమ్ముడు అమెరికాలో ఏ మాట అని తిట్లు తిన్నాడో ఆ మాటనే అక్క ఒంగోలు కథకి శీర్షికగా పెట్టింది.

ఇంకా ఉంది. అక్క ఇక్కడుండగా తమ్ముడు కూడా రావాల్సింది. రామాయపట్నంలో తెలుగు పాస్టర్లకి చదువు చెప్పే సెమినరీ ఉండేది, దానికి అధిపతిగా వాల్టర్‌ని పంపాలని మాట నడిచింది. అప్పుడు ఆయన చదివిన సెమినరీలోనే పాత నిబంధన చెప్పే ప్రొఫెసర్ ఒకాయన అడ్డం పడ్డాడు, ఈ కుర్రాడి పాత నిబంధన అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయి, పంపొద్దు అని. మోషే పేరున్న పుస్తకాలు ఒకే చెయ్యి రాసిందా, వేర్వేరు కాలాల రాతలు కలిశాయా అని జర్మనీ పండితులు అడుగుతున్న కాలం అది, ఆ గాలి ఈయనకి సోకిందని భయం. అలా ఆగిపోయింది. ఆగకపోతే ఆయన మన రామాయపట్నం ఒడ్డున తెలుగు నేర్చుకుంటూ ఉండేవాడు.

ఇప్పుడు మీ పెద్దాయన దగ్గరికి పో. కరువులో కాలువ తవ్వించింది సువార్తా, సంఘసేవా అని అడుగు. మర్యాదగా అడుగు సుమా, పెద్దాయన కదా.

బెరయవాడు జవాబు:

మాస్టారూ, ఒంగోలు సంగతి నాకు తెలియదు, థాంక్స్. కానీ ఇక్కడ అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను మాట్లాడతా, తిట్టుకోకండి. నేను ఆయన 1917 పుస్తకం, సోషల్ గాస్పెల్‌కి వేదాంతం రాసింది, పూర్తిగా చదివినవాణ్ణే.

సిస్టర్, మీ సంఘపెద్ద చెప్పింది మొరటుగా చెప్పారు గానీ పూర్తిగా గాల్లోంచి పుట్టిన మాట కాదు. రౌషెన్‌బుష్ సిలువను తీసెయ్యలేదు, కానీ దాని అర్థం మార్చాడు. మన పాపాలకి బదులుగా శిక్ష భరించాడు అనే పాత వివరణ ఆయనకి సరిపడలేదు. యేసుని చంపింది ఆరు పాపాలు అంటాడు: మతోన్మాదం, అవినీతి రాజకీయం కలిసిన కుమ్మక్కు, న్యాయం చెడిపోవడం, గుంపు ఉన్మాదం, సైనికవాదం, కింది వర్గాల పట్ల చులకన. ఈ ఆరూ ఏ ఒక్కడి జేబులోనో ఉండేవి కావు, సమాజం మొత్తం కలిసి చేసేవి, అందుకే మనమందరం అందులో ఉన్నాం అని. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఒప్పుకుంటా. ఆ ఆరోది చదివి మన ఊళ్ళు గుర్తు రాని తెలుగువాడు ఉండడు. కానీ రాత్రి రెండింటికి నిద్రపట్టక "ప్రభువా నా సంగతేంటి" అని అడిగేవాడికి ఆ జాబితా ఏం చేస్తుంది అనేది నా ప్రశ్న.

రెండోది, మనిషి మీద నమ్మకం ఎక్కువ. దేవుని రాజ్యం చరిత్రలోనే మెట్టు మెట్టు ఎక్కుతూ వస్తోందన్న ఊపు మొదటి పుస్తకాల్లో బాగా ఉంది. తర్వాత రైన్‌హోల్డ్ నీబర్ అనే అమెరికా వేదాంతి ఈ ఆశావాదాన్నే ఉతికి ఆరేశాడు, అదీ రౌషెన్‌బుష్ పేరు మీద పెట్టిన ఉపన్యాసాల్లోనే, 1934లో. కింగ్ కూడా ఆయన్ని మెచ్చుకుంటూనే, ప్రగతి దానంతటదే వస్తుందనే భ్రమలో పడ్డాడన్నాడు.

మూడోది, నల్లవాళ్ళ గురించి చాలా ఏళ్ళు దాదాపు నోరు విప్పలేదు. కేథలిక్కుల మీద చిన్నచూపు. ఆడవాళ్ళ చోటు ఇల్లే అన్నట్టు రాశాడు, అక్కేమో డాక్టరేట్ చేసి సముద్రాలు దాటింది! పేదల పక్షం అన్నవాడిని ఈ లెక్కలు కూడా అడగాలి కదా.

హడ్సన్‌గాలి జవాబు:

బెరయవాడు గారూ, మూడోదానికి నా దగ్గర జవాబు లేదు, మీరు చెప్పింది నిజం. రెండోదానికి మాత్రం ఒకటి. 1917 పుస్తకంలో "చెడు రాజ్యం" అని పూర్తి అధ్యాయం ఉంది, చెడు తరం నుంచి తరానికి వ్యవస్థల్లోంచి ఎలా పారుతుందో రాశాడు, అది పిల్లాడి ఆశావాదం కాదు. అప్పటికి యుద్ధం నడుస్తోంది. జర్మన్ పేరున్నవాడు, యుద్ధం వద్దన్నవాడు, పాత స్నేహితులే అనుమానంగా చూశారు. 1914 నుంచి లోకం ద్వేషంతో నిండిపోయింది, ఇక బతికుండగా సంతోషం ఉంటుందనుకోను అన్న అర్థంలో రాసిపెట్టుకుని 1918 జూలైలో కేన్సర్‌తో పోయాడు, 56 ఏళ్ళకే. యుద్ధం ఆగడం కూడా చూడలేదు.

లైబ్రరీపురుగు జవాబు:

ఉద్యోగం ఎలా నిలిచింది అన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నాకు అదే ఆసక్తి.

ముందు బాప్టిస్టుల పద్ధతి గుర్తుపెట్టుకోవాలి. బిషప్ ఉండడు, పైనుంచి తాఖీదు రాదు, ఏ సంఘం దానికదే. అందుకని ఒక ప్రొఫెసర్ని తీసెయ్యాలంటే సెమినరీ ట్రస్టీలు తియ్యాలి, లేదా చందాలిచ్చేవాళ్ళు చేతులు కట్టేసుకోవాలి. రాచెస్టర్ సెమినరీకి అప్పుడు అధ్యక్షుడు ఆగస్టస్ స్ట్రాంగ్, పాత పద్ధతి వేదాంతంలో దిట్ట, చమురు కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌కి వియ్యంకుడు. రౌషెన్‌బుష్ మాటలు ఆయనకి మింగుడుపడేవి కావు. అయినా 1897లో జర్మన్ విభాగంలోకి తీసుకున్నదీ, 1902లో చర్చి చరిత్ర ప్రొఫెసర్ని చేసిందీ ఆయన హయాంలోనే. వేదాంతం కుర్చీ కాకుండా చరిత్ర కుర్చీ దొరకడం కూడా కలిసొచ్చిందనుకుంటా (ఇది నా ఊహ). చరిత్ర చెప్పేవాడు "ఫలానా కాలంలో చర్చి పేదల్ని ఇలా వదిలేసింది" అంటే అది పాఠం, వేదాంతం చెప్పేవాడు అంటే అది వివాదం. చివరి పుస్తకాన్ని రౌషెన్‌బుష్ ఆ స్ట్రాంగ్‌కే అంకితం ఇచ్చాడు. ఇద్దరికీ కుదరని పుస్తకం అది! అభిప్రాయాలు కలవకపోయినా మనుషులు కలిసి ఉండేవాళ్ళు.

1907లో "క్రైస్తవ్యం, సామాజిక సంక్షోభం" వచ్చినప్పుడు మాత్రం ఉద్యోగం పోతుందని తనే అనుకున్నాడు. పుస్తకం అచ్చుకిచ్చి సెలవు మీద కుటుంబంతో జర్మనీ వెళ్ళిపోయాడు. అక్కడ తిట్ల ఉత్తరాల కోసం చూస్తుంటే పుస్తకం అమ్ముడుపోతూ ఉంది, 50,000 కాపీల దాకా వెళ్ళిందంటారు. తిరిగొచ్చేసరికి దేశమంతా పేరు. పేరొచ్చిన ప్రొఫెసర్ని ఎవరు కదిలిస్తారు?

అందరికీ ఇలా జరగలేదు. అదే కాలంలో చికాగో యూనివర్సిటీలో జార్జ్ బర్మన్ ఫోస్టర్ అని ఇంకో బాప్టిస్టు ప్రొఫెసర్, లిబరల్ ఆలోచనల్లో ఈయనకంటే చాలా దూరం వెళ్ళినవాడు. ఆ యూనివర్సిటీయే బాప్టిస్టుల చొరవతో, రాక్‌ఫెల్లర్ డబ్బుతో పుట్టింది. గొడవ ముదురుతుంటే 1905లో ఆయన్ని డివినిటీ స్కూల్ నుంచి యూనివర్సిటీలో మత తత్వశాస్త్రం వైపు మార్చారు, అంటే పాస్టర్లయ్యే పిల్లలకి దూరంగా. 1909లో చికాగో బాప్టిస్టు పాస్టర్ల సమాఖ్య ఆయన్ని బయటికి పంపేసింది. జీతం మాత్రం ఆగలేదు, యూనివర్సిటీ వదల్లేదు. లిబరల్ అనే ఒక్క సంచిలో అందరినీ వేసేవాళ్ళు ఈ ఇద్దరినీ పక్కపక్కన చదవాలి. ఫోస్టర్ ప్రశ్న క్రైస్తవ్యం చిట్టచివరి మాటేనా అని, రౌషెన్‌బుష్ ప్రశ్న ఆ మాట అన్నవాడు అద్దె ఎంత తీసుకుంటున్నాడు అని.

రాక్‌ఫెల్లర్ పేరొచ్చింది కాబట్టి ఇంకోటి, హెల్స్ కిచెన్‌లో రౌషెన్‌బుష్ సంఘం కొత్త గుడి కట్టుకున్నప్పుడు ఆయన కూడా చందా ఇచ్చాడు. పెట్టుబడిదారుణ్ణి తిట్టే పాస్టర్ ఆ డబ్బు తీసుకోవచ్చా అని ఇంకో థ్రెడ్ పెట్టుకోవచ్చు.

గుండ్లకమ్మపిల్ల:

అందరికీ చాలా థాంక్స్, రాత్రి ఒంటిగంట దాకా ఇదే చదువుతూ కూర్చున్నా. మాస్టారూ, మా అమ్మమ్మకి ఫోన్ చేసి ఎమ్మా క్లవ్ అని అడిగితే తెలియదంది, క్లవ్ దొర అనగానే మాత్రం గొంతు మారిపోయింది. బెరయవాడు అన్నా, మీరు చెప్పింది నాకు నచ్చకపోయినా అవసరం, ఇంతవరకూ మా వాళ్ళెవరూ కారణం చెప్పి కాదనలేదు. ఇప్పుడు ఒక్కటే, మొదట ఏది చదవాలి? ఎగ్జామ్స్ ఉన్నాయి, లావు పుస్తకం వద్దు.

హడ్సన్‌గాలి:

ప్రార్థనల పుస్తకం. 1910లో వచ్చింది, సన్నగా ఉంటుంది. పొద్దుటి ప్రార్థన, సాయంత్రం ప్రార్థన అన్నీ ఉంటాయి, కానీ మధ్యలో పనిచేసే పిల్లల కోసం, కష్టపడే ఆడవాళ్ళ కోసం, వలస వచ్చినవాళ్ళ కోసం, యజమానుల కోసం, పత్రికలవాళ్ళ కోసం, డాక్టర్లూ నర్సుల కోసం విడివిడిగా ప్రార్థనలు. చర్చిలో యజమాని కోసం ప్రార్థన చేస్తారు, వాడి బిజినెస్ బాగుండాలని. ఇక్కడ వాడి చేతికింద ఉన్నవాళ్ళు వాడికి గుర్తుండాలని చేస్తాడు.

సంబంధం లేకపోయినా ఒక ముక్క: తత్వశాస్త్రంలో రిచర్డ్ రోర్టీ పేరు విన్నారా, ఈయన మనవడే, కూతురు కొడుకు. రౌషెన్‌బుష్ కొడుకు పాల్, కోడలు ఎలిజబెత్ (జడ్జి బ్రాండైస్ కూతురు) కలిసి విస్కాన్సిన్ నిరుద్యోగ భృతి చట్టం వెనక పనిచేశారు, 1932లో, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. నాన్న ప్రార్థన కొడుకు చేతిలో చట్టం అయిందని నాకు భలే అనిపిస్తుంది.

బెరయవాడు:

ప్రార్థనల పుస్తకానికి నా ఓటు కూడా. వేదాంతంలో ఆయనతో పోట్లాడేవాడు కూడా అందులో ఆమెన్ అనేస్తాడు.

గుండ్లకమ్మపిల్ల:

దొరికింది! నెట్‌లో స్కాన్ ఉంది, పనిచేసే పిల్లల ప్రార్థన తెలుగులోకి చేసుకుంటున్నా. మా ఊళ్ళో బడి మానేసి పొగాకు పనికి పోయే పిల్లలు నాకు పేర్లతో సహా తెలుసు. వచ్చే నెల యూత్ మీటింగ్‌లో ప్రార్థన నాకే ఇచ్చారు, ఇదే చదువుతా. ఎవరు రాశారో మాత్రం మా పెద్దాయన ఆమెన్ అన్నాకే చెప్తా.

బడిపంతులు:

మైకు రెండు చేతులతో పట్టుకో అమ్మాయ్.